టైమ్-ల్యాప్స్ వీసీఆర్: ఎర్ర దీపం వెలిగినంత మాత్రాన రికార్డయినట్టు కాదు

కందుకూరు సమీపంలో రైసు మిల్లు నడుపుతున్న మిత్రుడు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. తండ్రిగారి కాలంలో మిల్లు ఆఫీసులో బిగించిన, కాపలా కెమెరాల బొమ్మలను ఆగి ఆగి కాసెట్‌లోకి ఎక్కించే టైమ్-ల్యాప్స్ వీసీఆర్ ఒకటి, నాలుగు కెమెరాల బొమ్మలను ఒకే టేపులోకి పంపే మల్టీప్లెక్సర్ ఒకటి, ముప్పై దాకా కాసెట్లు అటక మీద దొరికాయి. యంత్రం మీద 24, 72, 168, 960 అని గంటల అంకెలున్నాయి. దానిని శుభ్రం చేసి గోడౌనులో మళ్లీ వాడుకోవచ్చా, ఏ గంటల మీద పెట్టాలి, పాత కాసెట్లను ఇంట్లోని మామూలు వీసీఆర్‌లో వేస్తే బొమ్మలు పిచ్చెక్కినట్టు ఎందుకు గెంతుతున్నాయి అని ఆయన అడిగారు. నెల్లూరులోనూ ఒంగోలులోనూ నగల దుకాణాలకు, మిల్లులకు, పొగాకు గోడౌన్లకు ఇలాంటి యంత్రాలను చాలా ఏళ్లు బిగించి మరమ్మతు చేసిన అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను.

మామూలు వీసీఆర్‌కూ దీనికీ తేడా ఎక్కడుందో తెలిస్తే తక్కిన ప్రశ్నలు చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి. మన దేశంలో టీవీకి, వీడియోకు వాడుతూ వచ్చిన పాల్ పద్ధతిలో వీహెచ్ఎస్ టేపు, అంటే మామూలు వీడియో కాసెట్‌లోని టేపు, సెకనుకు 23.39 మిల్లీమీటర్ల చొప్పున కదులుతుంది. ఈ-180 కాసెట్‌లో ఉండే సుమారు 258 మీటర్ల టేపు ఆ వేగంతో 3 గంటలు వస్తుంది. టేపు చుట్టుకునే డ్రమ్ నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. దానికి ఎదురెదురుగా ఉన్న రెండు హెడ్లు, అంటే బొమ్మను టేపు మీద రాసి చదివే అయస్కాంత కొనలు, సెకనుకు 50 ఫీల్డులు రాస్తాయి. ఫీల్డు అంటే సగం బొమ్మ, కాబట్టి అవి 25 పూర్తి చిత్రాలు. టైమ్-ల్యాప్స్ యంత్రంలో డ్రమ్ వేగం మారదు, టేపు వేగమే మారుతుంది. టేపును అతి నెమ్మదిగానో, అడుగడుగునా ఆపి ఆపో జరుపుతూ, వరుసగా వచ్చే ఫీల్డులలో చాలావాటిని వదిలేసి, నిర్ణీత వ్యవధికి ఒకటి చొప్పున రాస్తుంది. మూడు గంటల కాసెట్ మూడు రోజులో వారమో నలభై రోజులో రావడం వెనుక ఉన్న రహస్యం ఇంతే.

ఈ లెక్కను కాగితం మీద మీరే వేసుకోవచ్చు. గంటల అంకెను 3తో భాగిస్తే ఎన్ని ఫీల్డులకు ఒకటి రాస్తుందో వస్తుంది. దానిని మళ్లీ 50తో భాగిస్తే రెండు బొమ్మల మధ్య ఎన్ని సెకన్లో తెలుస్తుంది. ఆ ప్రకారం 24 గంటల మీద సుమారు 0.16 సెకనుకు, 72 మీద 0.48 సెకనుకు, 168 మీద 1.12 సెకన్లకు, 960 మీద 6.4 సెకన్లకు ఒక బొమ్మ పడుతుంది. మోడల్‌ను బట్టి ఈ అంకెలు కొద్దిగా అటూ ఇటూ ఉంటాయి. సెకనుకు ఒకటింబావు మీటరు చొప్పున నడిచే మనిషి 6.4 సెకన్లలో ఎనిమిది మీటర్లు దాటిపోతాడు. గోడౌను తలుపు వెడల్పు ఎనిమిది మీటర్లు ఉండదు కాబట్టి, 960 మీద పెట్టిన యంత్రం ముందు నుంచి ఒక మనిషి బస్తా భుజాన వేసుకుని వెళ్లిపోయినా, తలుపు మూసి ఉన్న బొమ్మ ఒకటి, మళ్లీ మూసి ఉన్న బొమ్మ ఇంకొకటి మాత్రమే టేపులో మిగలవచ్చు. 960 లాంటి పెద్ద అంకెలు భవన నిర్మాణ పనులనో, నెలల తరబడి మెల్లగా మారే వాటినో గమనించడానికి పనికివస్తాయి. దొంగను పట్టడానికి పనికిరావు.

మల్టీప్లెక్సర్ కలిస్తే ఈ వ్యవధి ఇంకా సాగుతుంది. మల్టీప్లెక్సర్ ఒక్కొక్క ఫీల్డును ఒక్కొక్క కెమెరాకు వంతులవారీగా పంచుతుంది. నాలుగు కెమెరాలుంటే 24 గంటల మీద ఒక్కొక్క కెమెరాకు 0.64 సెకనుకు ఒక బొమ్మ వస్తుంది. ఆ వ్యవధిలో మనిషి ఒక అడుగు కంటే కాస్త ఎక్కువ వేస్తాడు, అంటే ముఖం దొరికే అవకాశం బాగానే ఉంటుంది. అదే 168 మీద పెడితే నాలుగున్నర సెకన్లకు ఒకటి వస్తుంది. వారానికి ఒకసారి కాసెట్ మారిస్తే చాలునన్న సౌఖ్యం కోసం చాలామంది యజమానులు 168 అడిగేవారు. నేను వారిని 24 దగ్గరే ఆపడానికి ప్రయత్నించేవాడిని. పోట్లాడి ఓడిపోయిన సందర్భాలూ ఉన్నాయి. మీకు కూడా నా సలహా అదే: నాలుగు కెమెరాలతో నడిపితే 24 దాటవద్దు, ఒకే కెమెరా అయితే 72 వరకు వెళ్లవచ్చు.

ఇక్కడ ఒక చిక్కును చెప్పాలి. కొందరు ఖర్చు తగ్గించుకోవడానికి మల్టీప్లెక్సర్ బదులు, కెమెరాలను వరుసగా ఒకదాని తరువాత ఒకటి చూపే మామూలు సీక్వెన్షియల్ స్విచ్చర్‌ను వీసీఆర్‌కు కలిపేవారు. స్విచ్చర్ తన లెక్కలో కెమెరాలను మారుస్తుంటుంది, వీసీఆర్ తన లెక్కలో బొమ్మలు తీస్తుంటుంది. స్విచ్చర్ నాలుగు కెమెరాలను నాలుగు సెకన్లలో ఒక చుట్టు చుట్టి వస్తూ, వీసీఆర్ కూడా దాదాపు నాలుగు సెకన్లకు ఒక బొమ్మ తీస్తుంటే, ప్రతిసారీ ఒకే కెమెరా దొరుకుతుంది. మిగిలిన మూడు కెమెరాలూ మానిటర్ మీద చక్కగా కనిపిస్తూనే టేపులో ఎక్కడా ఉండవు. అందుకే వీసీఆర్ వెనుక స్విచ్ అవుట్ అనే టెర్మినల్ ఇస్తారు. ఒక బొమ్మ రాసిన వెంటనే అక్కడి నుంచి ఒక పల్స్ వస్తుంది, దానిని అందుకుని స్విచ్చర్ గానీ మల్టీప్లెక్సర్ గానీ తరువాతి కెమెరాకు మారుతుంది. మీ రెండు పెట్టెల మధ్య వీడియో కేబుళ్లు కాక సన్నటి తీగ ఒకటి కనబడితే అది అదే అయ్యుంటుంది. పనికిరాని తీగ అనుకుని తీసివేయకండి.

అలారం ఇన్ అనే టెర్మినల్‌ను కూడా వాడుకోవాలి. తలుపుకు బిగించిన మాగ్నెటిక్ స్విచ్ తీగలను అక్కడ కలిపితే, తలుపు తెరుచుకున్న క్షణం నుంచి యంత్రం తాను ఉన్న నెమ్మది మోడ్‌ను వదిలి, మీరు నిర్ణయించిన వ్యవధి పాటు 3 గంటల వేగంతో రాసి, ఆ చోట ఒక గుర్తు కూడా పెడుతుంది. తరువాత వెతికేటప్పుడు ఆ గుర్తు దగ్గరకు నేరుగా వెళ్లవచ్చు. అయితే వ్యవధిని అర నిమిషమో నిమిషమో మించి పెట్టవద్దు. కార్తీక మాసంలో వాయుగుండం పట్టిన రాత్రి గాలికి షట్టరు కొట్టుకుంటుంటే అలారం మోగుతూనే ఉంటుంది, తెల్లవారే లోపే టేపు అయిపోతుంది. మూడు గంటల వేగానికి టేపు మూడు గంటలే వస్తుందన్న సంగతి అప్పుడే గుర్తుకు వస్తుంది.

ఇక శుభ్రం చేయడం. ఈ విషయంలో నా తప్పును ముందు చెప్పుకుంటాను. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నెల్లూరులోని ఒక నగల దుకాణానికి నేను మూడు నెలలకొకసారి వెళ్లి యంత్రాన్ని చూసి వచ్చే ఒప్పందం ఉండేది. యంత్రం గల్లాపెట్టె వెనుక అరలో ఉండేది, దాని మీదనే దేవుడి పటం, పటం ముందు ఉదయం సాయంత్రం అగరొత్తులు. నేను వెళ్లినప్పుడల్లా ఎర్ర దీపం వెలుగుతూ ఉండేది, మానిటర్‌లో కెమెరా బొమ్మ బాగుండేది, పైపైన దుమ్ము తుడిచి రిజిస్టరులో సంతకం చేసి వచ్చేవాడిని. ఒకనాడు ఒక హారం పోయింది. కాసెట్ వేసి చూస్తే మొదటి నుంచి చివరి వరకు చుక్కలే తప్ప మనిషి ఆకారమంటూ లేదు. ముందు రోజుల కాసెట్లు కూడా చూశాము, ఏడు వారాల వెనక్కి వెళ్లేదాకా అన్నింటిలోనూ అదే గరగర. హెడ్ల మీద పొగ మసి అట్ట కట్టి ఉంది. మానిటర్‌లో మేము చూస్తున్నది కెమెరా నుంచి నేరుగా వచ్చి యంత్రం గుండా దాటిపోయే బొమ్మ, టేపులో ఉన్నది కాదు. టేపు తిరుగుతోందని మాత్రమే ఎర్ర దీపం చెబుతుంది, హెడ్డు రాసిందని చెప్పదు. తీసిన టేపును రెండు నిమిషాలు తిప్పి చూసి ఉంటే మొదటి వారంలోనే తెలిసేది. యజమాని నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువగా గుచ్చుకుంది.

అప్పటి నుంచి నేను పెట్టిన ప్రతి చోటా ఒక నియమం చేశాను: ఉదయం షట్టరు ఎత్తగానే గుమాస్తా రాత్రి కాసెట్‌ను తీసే ముందు ఒక రెండు నిమిషాలు వెనక్కి తిప్పి చూడాలి, తెరమీద తేదీ, సమయం, నాలుగు కెమెరాలు కనబడ్డాయని పుస్తకంలో రాయాలి, ఆ తరువాతే కొత్త కాసెట్ వేయాలి. యంత్ర నిర్వహణలో దీనికి మించిన పని లేదు.

హెడ్లు ఎందుకంత త్వరగా మసిబారుతాయో ఒక లెక్కతో చెబుతాను. డ్రమ్ వ్యాసం 62 మిల్లీమీటర్లు. సెకనుకు 25 చుట్ల చొప్పున దాని అంచు రోజుకు సుమారు 420 కిలోమీటర్లు తిరుగుతుంది. టేపు డ్రమ్‌ను దాదాపు సగం చుట్టుకుని ఉంటుంది కాబట్టి, ఒక్కొక్క హెడ్డు రోజుకు 210 కిలోమీటర్లు టేపును రాసుకుంటూ పోతుంది. నెల్లూరు నుంచి ఒంగోలు వెళ్లి దాదాపు తిరిగి వచ్చినంత దూరమది. ఇంట్లో వారానికి రెండు సినిమాలు చూసే వీసీఆర్‌కు ఈ బాధ లేదు. సెక్యూరిటీ యంత్రం ఏడాదికి 8,760 గంటలు ఆగకుండా నడుస్తుంది. పైగా నెమ్మది మోడ్‌లలో టేపులోని ఒకే చోటును హెడ్లు మళ్లీ మళ్లీ రుద్దుతుంటాయి. అందువల్ల టేపు పూత పొడిగా రాలుతుంది, ఆ పొడి హెడ్డు అంచున ఉన్న, ఒక మైక్రాన్ వెడల్పు కూడా లేని సందులో కూరుకుంటుంది. దానికి మీ మిల్లులో తవుడు ధూళి, ఊక బూడిద తోడవుతాయి. దసరాకు ఆయుధ పూజ చేసి యంత్రానికి పెట్టిన కుంకుమ కాసెట్ తలుపు సందు గుండా లోపలికి రాలి గైడ్ల మీద ఎర్రగా అంటుకుని ఉండటం నేను ఒకటికి పదిసార్లు చూశాను. పూజ చేయండి, బొట్టు మాత్రం పక్క రేకుకు పెట్టండి.

శుభ్రం చేసే విధానం ఇది. తీగను ప్లగ్గు నుంచి తీసివేసి, పై రేకు మరలు విప్పండి. మధ్యలో కాస్త వాలుగా కూర్చుని మెరిసేదే డ్రమ్. దాని పై భాగానికి, కింది భాగానికి మధ్యనున్న సందులో హెడ్ల కొనలు రవ్వంత బయటికి పొడుచుకుని కనిపిస్తాయి. షామీ తోలు అంటించిన పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, డ్రమ్‌కు ఆనించి కదలకుండా పట్టుకోండి. రెండో చేతి వేలును డ్రమ్ పై తలం మీద పెట్టి, పక్కనున్న నున్నటి అంచు తగలకుండా, డ్రమ్‌నే నెమ్మదిగా పది పన్నెండు చుట్లు తిప్పండి. పుల్ల కదలకూడదు, డ్రమ్ కదలాలి. పుల్లను పైకీ కిందకీ రుద్దితే హెడ్డు కొన విరిగిపోతుంది, ఆ శబ్దం కూడా వినిపించదు. తోలు మీద గోధుమ రంగు గీత పడుతుంది. గీత పడటం ఆగేదాకా కొత్త తోలుతో మళ్లీ చేయండి. చెవులు తుడుచుకునే దూది పుల్లలను డ్రమ్ దగ్గరికి రానీయకండి, వాటి పోగులు హెడ్డుకు చిక్కుకుంటాయి. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ కూడా వద్దు, దానిలో నీరు, ఇతర పదార్థాలు కలిసి ఉండి ఆరిన తరువాత పొరను మిగులుస్తాయి.

దూది పుల్లలు పనికివచ్చే చోట్లు వేరే ఉన్నాయి. టేపు మొదట తాకే ఎరేజ్ హెడ్డు, కుడివైపు ఉన్న ఆడియో-కంట్రోల్ హెడ్డు, టేపుకు దారి చూపే గైడు కడ్డీలు, టేపును లాగే సన్నటి క్యాప్‌స్టన్ ఇరుసు, వీటన్నిటినీ అదే ఆల్కహాల్‌తో తుడవవచ్చు. టేపును ఆ ఇరుసుకు నొక్కి పట్టే పించ్ రోలర్ రబ్బరుది కాబట్టి, దానిని తడి గుడ్డతో తుడిచి పొడి గుడ్డతో ఆరబెట్టడమే మంచిది. ఆల్కహాల్ తరచుగా తగిలితే రబ్బరు గట్టిపడుతుంది. రోలర్ అద్దంలా మెరుస్తూ ఉంటే అది అరిగిందని అర్థం. అప్పుడు టేపు జారుతుంది, నెమ్మది మోడ్‌లలో బొమ్మల మధ్య దూరం తప్పి తెరమీద అడ్డంగా చారలు వస్తాయి. గైడు కడ్డీల ఎత్తు మరలను మాత్రం ఏ కారణం చేతనైనా తిప్పకండి. వాటిని సరిచేయాలంటే సిగ్నల్‌ను తెరమీద చూపే ఆసిలోస్కోపు, సరిచూసుకోవడానికి ప్రత్యేకంగా రికార్డు చేసిన కాసెట్ కావాలి. అంతా అయ్యాక పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, ముందు పనికిరాని కాసెట్ ఒకటి వేసి నడపండి.

తడి గురించి మన జిల్లాల వారికి ప్రత్యేకంగా చెప్పాలి. ఏసీ గదిలో రాత్రంతా చల్లబడిన యంత్రానికి ఉదయం తలుపు తెరవగానే తీరపు తేమగాలి తగిలితే డ్రమ్ మీద మంచు పట్టినట్టు తేమ కూర్చుంటుంది. టేపు ఆ తడి డ్రమ్‌కు అతుక్కుని చుట్టుకుపోతుంది. అందుకే యంత్రంలో తేమను పసిగట్టే సెన్సరు ఉంటుంది, అది హెచ్చరిక చూపి యంత్రాన్ని నడవనివ్వదు. అటువంటప్పుడు పాడైందని కొట్టకుండా, కరెంటు ఇచ్చి ఉంచి, కాసెట్ లేకుండా ఒకటి రెండు గంటలు వదిలేయండి. మైపాడు, కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల దగ్గర పెట్టిన వాటిలో ఉప్పుగాలికి కెమెరా కేబుల్ కొనన ఉండే బీఎన్‌సీ కనెక్టర్లు పచ్చగా పట్టిపోయేవి. బొమ్మ మసకబారిందని వీసీఆర్‌ను విప్పే ముందు ఆ కనెక్టరును ఒకసారి తిప్పి చూస్తే సగం రోజు మిగిలేది.

కాసెట్ల సంగతికి వస్తే, 24 గంటల మోడ్‌కు నేను ముప్పై ఒక్క కాసెట్లు కొనిపించి, వాటి వీపున 1 నుంచి 31 వరకు తేదీలు రాయించేవాడిని. ఈ రోజు ఏ తేదీయో ఆ అంకె కాసెట్టే వేయాలి. అందువల్ల ఎప్పుడు అడిగినా వెనుకటి నెల రోజులు చేతిలో ఉంటాయి, ఏ కాసెట్టూ నెలకు ఒకసారికి మించి నలగదు. ఏడాదికి పన్నెండుసార్లు రాసిన కాసెట్‌ను తీసివేసి, ఉగాదికి కొత్త జత వేయించేవాళ్లం. టేపు పైకి బాగానే కనిపిస్తుంది గానీ, పన్నెండు దాటిన తరువాత తెల్లటి గీతలు మొదలవుతాయి, రాలే పొడి హెడ్లను తినేస్తుంది. ఎక్కువ సేపు వస్తుంది కదా అని ఈ-240 కాసెట్లను వేయకండి. వాటి టేపు పలుచన, ఆగి ఆగి నడిచే యంత్రంలో ముడతపడుతుంది. సినిమాలు చెరిపేసిన పాత కాసెట్లు ఊరికే దొరుకుతాయని వాడే అలవాటు మన వైపు ఉండేది, ఆ ఆదాకు తరువాత హెడ్డు రూపంలో వడ్డీ కట్టారు.

గడియారం చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, వాదనలు వచ్చేది దాని దగ్గరే. టేపు మీద ముద్ర పడే తేదీ, సమయం తప్పితే ఆ బొమ్మకు విలువ పోతుంది. నెలకొకసారి రేడియో సమయంతో సరిచూసి, ఎంత తేడా వచ్చిందో సరిదిద్దే ముందే పుస్తకంలో రాయండి. మెనూలో వేసవి సమయం అనే అమరిక ఉన్న యంత్రాలు చాలా ఉన్నాయి. మన దేశంలో గడియారాన్ని ఋతువులను బట్టి మార్చే పద్ధతి లేదు కాబట్టి దానిని ఆపి ఉంచాలి. లేకపోతే వేసవిలో ఒకనాడు తనంతట తానే గంట ముందుకు దూకుతుంది. తేదీ ముందా నెల ముందా అన్నది కూడా చూసుకోండి. కొందరు చెన్నై బర్మా బజారు నుంచి అమెరికా మార్కెట్‌కు చేసిన యంత్రాలను తెచ్చేవారు. వాటిలో నెల ముందు పడటం అటుంచి, అవి అమెరికా టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీవి కావడం వల్ల మన పాల్ కెమెరాలతో పొసగవు. మీ యంత్రం మీద అతి తక్కువ గంటల అంకె 2 అని ఉంటే అనుమానించండి, 3 అని ఉంటే అది పాల్ యంత్రమే అయ్యుంటుంది.

ఇప్పుడు మీ యంత్రం. అటక మీద ఏళ్ల తరబడి ఉన్న దానిని నేరుగా ప్లగ్గులో పెట్టవద్దు. ముందు పై రేకు విప్పి, గడియారానికి శక్తినిచ్చే చిన్న బ్యాటరీ కారి బోర్డును తినేసిందేమో చూడండి. పవర్ సప్లైలో కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయేమో చూడండి. ఎప్పుడూ ఆగకుండా వేడెక్కుతూ నడిచిన యంత్రాలలో ముందు పోయేవి అవే. రబ్బరు బెల్టులు సాగి జిగురుగా మారి ఉండవచ్చు, గ్రీజు మైనంలా గట్టిపడి ఉండవచ్చు. ఈ రెండింటి వల్లనే లోడింగ్ మధ్యలో ఆగిపోయి యంత్రం టేపును నమిలేస్తుంది. అంతా బాగుంటే కాసెట్ లేకుండా అరగంట కరెంటు ఇచ్చి, వాసన, శబ్దం గమనించి, తరువాత పనికిరాని కాసెట్‌తో పరీక్షించండి. జనరేటరుకూ లైనుకూ మారేటప్పుడు వోల్టేజి ఎగిరే మిల్లులో స్టెబిలైజర్ తప్పనిసరి. కరెంటు పోయి వచ్చాక యంత్రం తనంతట తానే మళ్లీ రికార్డింగ్ అందుకుంటుందో లేదో ప్లగ్గు తీసి పెట్టి చూడండి; కొన్నింటిలో రికార్డ్ లాక్ మీట నొక్కి ఉంటేనే అలా జరుగుతుంది.

ఇంత చెప్పిన తరువాత కూడా, గోడౌను కాపలాకు దీనిని మళ్లీ బిగించమని నేను చెప్పను. వీసీఆర్‌లు తయారుచేస్తున్న చివరి సంస్థ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జూలైలో ఆ పని ఆపేసింది. కొత్త హెడ్డు డ్రమ్ దొరకదు, దొరికిన పాతదానికి మీరు పెట్టే డబ్బుతో టేపు లేకుండా డిస్కులో రికార్డు చేసే నాలుగు కెమెరాల డీవీఆర్ వస్తుంది. ఈ యంత్రాన్ని మీ దగ్గరున్న కాసెట్లను చూడటానికి, కంప్యూటర్‌లోకి తీసుకోవడానికి మాత్రమే బతికించండి. అందుకు అది చాలా విలువైనది.

ఎందుకంటే బొమ్మలు గెంతడానికి కారణం కాసెట్ పాడవడం కాదు. మామూలు వీసీఆర్ టేపును 3 గంటల వేగంతో నడుపుతుంది కాబట్టి, 24 గంటల మీద రాసినది ఎనిమిది రెట్ల వేగంతో కదులుతుంది. దానికి తోడు మల్టీప్లెక్సర్ నాలుగు కెమెరాల బొమ్మలను ఒకదాని వెంట ఒకటి పేర్చింది కాబట్టి గేటు, తూకం, గోడౌను, ఆఫీసు వరుసగా కళ్లముందు మెరుస్తాయి. ఏ ఫీల్డు ఏ కెమెరాదో తెలిపే సంకేతాన్ని మల్టీప్లెక్సర్ తెరమీద కనబడని పై గీతలలో రాసి ఉంచుతుంది. దానిని చదవగలిగేది సాధారణంగా అదే కంపెనీ మల్టీప్లెక్సర్ మాత్రమే. టైమ్-ల్యాప్స్ వీసీఆర్ వీడియో అవుట్‌ను మల్టీప్లెక్సర్ మీద వీసీఆర్ ఇన్ అని ఉన్న చోట కలిపి, దానిని ప్లే స్థితికి మార్చి, కెమెరా మీట నొక్కితే ఒక్క కెమెరా బొమ్మలే వరుసగా వస్తాయి. మల్టీప్లెక్సర్ పనిచేయకపోతే, గెంతుతున్న బొమ్మలను ఉన్నవి ఉన్నట్టు, వీసీఆర్ వీడియోను కంప్యూటర్‌కు అందించే క్యాప్చర్ కార్డు ద్వారా తీసుకుని, ఫ్రేములుగా విడదీసి, ఏ కెమెరావి ఆ కెమెరాకు వేరు చేయవచ్చు. ఓపిక కావాలి గానీ పని జరుగుతుంది.

కాసెట్ కిటికీలోంచి చూసినప్పుడు టేపు చుట్ట అంచు మీద బూడిద రంగు పొడలాంటిది కనిపిస్తే అది బూజు. అటువంటి కాసెట్‌ను వేస్తే బూజు హెడ్లకు, అక్కడి నుంచి తరువాత వేసే ప్రతి కాసెట్‌కూ అంటుకుంటుంది. దానిని పక్కన పెట్టండి. బాగున్న వాటిలో కూడా ముఖ్యమైన కాసెట్‌ను చివరకు ఉంచి, వేసే ముందు వీపున ఎడమవైపు ఉన్న రికార్డ్ ట్యాబ్‌ను విరిచేయండి. అలవాటు కొద్దీ ఎర్ర మీట నొక్కి పాత సంఘటనను చెరిపేసుకున్నవారు నాకు తెలుసు. పాజ్ మీద ఎక్కువ సేపు నిలపకండి, నిలిపిన చోటే హెడ్లు టేపును గీకుతాయి. కావలసిన బొమ్మ దాటిపోతున్నప్పుడే కంప్యూటర్‌లో పట్టుకుని అక్కడ ఆపి చూసుకోండి. వాటిలో ఏదైనా పాత తగాదాకు సంబంధించినదైతే అసలు కాసెట్‌ను ఎవరి చేతికీ రసీదు లేకుండా ఇవ్వవద్దు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో ఎలక్ట్రానిక్ రికార్డులకు సంబంధించి 63వ సెక్షన్ ధ్రువపత్రాన్ని కోరుతుంది కాబట్టి, కంప్యూటర్‌లోకి తీసే ముందే మీ వకీలును ఒకసారి కలవండి.

మల్టీప్లెక్సర్ వెనుక పలక, వీసీఆర్ ముందు పలక రెండింటి ఫొటోలు, మోడల్ సంఖ్య కనబడేలా తీసి పెట్టండి. ఏ తీగ ఎక్కడ కలపాలో బొమ్మ గీసి పంపుతాను. అంతవరకు కాసెట్లను అటక మీద నుంచి దించి, పడుకోబెట్టకుండా పుస్తకాల్లా నిలబెట్టి, మిల్లు మోటార్లకూ స్పీకర్లకూ దూరంగా ఉన్న బీరువాలో పెట్టండి.